ఈశాన్య గదిలో ఐసు పెట్టె

మా అక్క బిడ్డకు ఎనిమిదో ఏట చక్కెర జబ్బు వచ్చింది. చిన్నపిల్లలకు కూడా ఆ జబ్బు వస్తుందని మా చుట్టాలలో ఎవరికీ తెలియదు. బెల్లం ఎక్కువ తిననిచ్చారని ఒకరన్నారు, గాలి సోకిందని మరొకరన్నారు. హైదరాబాదు డాక్టరు గాలినీ బెల్లాన్నీ పక్కకు నెట్టి, రోజూ ఇన్సులిన్ సూది వేయాలనీ, వేసినన్నాళ్ళూ పిల్ల మిగతా పిల్లల్లాగే పెరుగుతుందనీ, ఆపితే ఎన్నాళ్ళో నిలవదనీ చెప్పాడు. వేడికి ఆ మందు చెడిపోతుందనీ, చల్లగా ఉంచే దారి చూసుకోమనీ కూడా చెప్పాడు.

అక్క అత్తవారి ఊరు తాండూరు నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. కరెంటు స్తంభం అప్పటికి ఆ ఊరి దారి పట్టలేదు. జాగీర్లు రద్దయ్యాక ఆ చుట్టుపక్కల ఒక జాగీర్దారు బంగళాలోని సామాను అమ్మకానికి వచ్చింది. బావ పోయి, కిరసనాయిలు ఇంజనూ, వరుసగా పేర్చిన బ్యాటరీలూ, వాటి మీద నడిచే రిఫ్రిజిరేటరూ కొనుక్కొచ్చాడు. ఊరంతా దాన్ని ఐసు పెట్టె అన్నారు. అది పట్నం ఇళ్ళలో ఉండే పెట్టె లాంటిది కాదు. పట్నంలో గోడలోంచి వచ్చే కరెంటు రెండు వందల పైచిలుకు వోల్టులు. ఈ పెట్టెకు కావలసినది ముప్పై రెండు. పొద్దున కాసేపు ఇంజను ఆడితే బ్యాటరీలు నిండుతాయి, ఆపైన రోజంతా పెట్టె ఆ బ్యాటరీల మీదే బతకాలి. జాగీర్దారు బంగళాలో పెట్టె, బ్యాటరీలు ఒకే గదిలో ఉండేవట. అక్కడ అది ఏళ్ళ తరబడి సక్రమంగా నడిచింది.

బావ ఇంట్లో మాత్రం వస్తువులకు చోటు దిక్కును బట్టి దొరికేది. ఇంజను మండేది కనుక ఆగ్నేయ మూల కొట్టంలో పెట్టారు. బ్యాటరీల్లో ఉన్నది ఒళ్ళు కాల్చే తేజాబు, అంటే యాసిడ్, కనుక అవీ అక్కడే. పెట్టె చల్లనిది, చల్లదనం నీటి గుణం, నీళ్ళు ఈశాన్యానివి. అందుకని పెట్టెను ఈశాన్య మూల, బావి పక్క గదిలో నిలబెట్టారు. అయినా తూర్పు గోడ వెంట తిన్నగా తీగ లాగితే దూరం మరీ ఎక్కువ కాదు. కానీ తూర్పు గోడకు సింహద్వారం ఉంది. ఇంటికి వచ్చే లక్ష్మి నెత్తి మీదుగా నిప్పు తీగ పోకూడదన్నారు. అందుకని తీగ ఆగ్నేయంలో బయలుదేరి, దక్షిణం గోడ, పడమటి గోడ, ఉత్తరం గోడ అన్నీ తిరిగి, ఇంటికి మూడొంతుల ప్రదక్షిణం చేసి ఈశాన్యానికి చేరింది. అది కూడా దీపాలకు వాడే సన్నతీగ.

ఇదంతా నేను అక్కడికి పోయాక చూసిన సంగతి. అప్పుడు నేను వికారాబాదులో హైస్కూలు సైన్సు టీచరును. సాయంత్రాలు మా వాద సభలో జాతకాల మీదా ముహూర్తాల మీదా కత్తి దూసేవాణ్ణి. ఎండలు ముదిరిన రోజుల్లో అక్క ఇంటి జీతగాడు రైలు దిగి స్కూలుకే వచ్చాడు.

"అక్క రమ్మన్నది సారూ. బిడ్డకు మంచిగ లేదు. మీ స్కూల్ల కరెంటు చూసే మీటరున్నదట గద, అది పట్టుకొని రమ్మన్నది."

హెడ్మాస్టరును అడిగి వోల్టు మీటరు సంచిలో పెట్టుకొని బయలుదేరాను.

పండక్కి చూసినప్పుడు బుగ్గలున్న పిల్ల, ఇప్పుడు కళ్ళు లోపలికి పోయి, చెంబు పక్కన పెట్టుకొని కూర్చుంది. నీళ్ళు తాగుతుంది, బయటికి పోయి వస్తుంది, మళ్ళీ తాగుతుంది. అక్క నన్ను గదిలోకి తీసుకుపోయి స్పిరిట్ దీపం వెలిగించింది. డాక్టరు ఇచ్చిన నీలం ద్రావకంలో పిల్ల మూత్రం కొన్ని చుక్కలు వేసి కాచింది. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, ఇటుక రంగు అయితే మెండుగా ఉన్నట్టు. గాజు గొట్టంలో రంగు చూస్తుండగానే తిరిగి, అడుగున కాల్చిన ఇటుక పొడిలా దిగింది.

"సూది ఒక్క పూట గుడ తప్పలేదు తమ్మీ. నా చేత్తోని నేనే వేస్తున్న. అయినా గిట్లనే వస్తున్నది. మందుల్నె ఏదో ఉన్నది. పొద్దుగాల పెట్టె సల్లగనే ఉంటది. పగటీలి తలుపు తీస్తె పొయ్యి కాడ నిలబడ్డట్టుంటది."

అక్క చదివింది నాలుగో తరగతి వరకే. నేను చేయాల్సిన ఆలోచనలో సగం ఆమే చేసి పెట్టింది.

మరునాడు పొద్దుటి నుంచి పెట్టె ముందు కూర్చున్నాను. ఇంజను ఆడుతున్నంతసేపూ మోటారు సాఫీగా నడిచింది. ఇంజను ఆపారు. ఎండ పెరిగింది. ఒకసారి ఆగిన మోటారు మళ్ళీ మొదలవ్వాల్సి వచ్చినప్పుడు, ఎత్తలేని బస్తాకు భుజం ఇచ్చిన హమాలీలా మూలిగి, తిరగలేక ఆగింది. కాసేపటికి మళ్ళీ మూలిగింది, మళ్ళీ ఆగింది. తలుపు తెరిచి చూస్తే, మూలిగినప్పుడల్లా లోపలి బల్బు ఎండు నిమ్మకాయ రంగుకు దిగిపోతోంది.

"మోటరు ఖతం బామ్మర్దీ," అన్నాడు బావ నా వెనకాల నిలబడి. "జాగీర్దారు సొమ్ము ఆనికే కలిసి రాలె, నాకేం కలిసొస్తది!"

"మోటరును అప్పుడే సంపకు బావా. దానికి తిండి అందుతున్నదో లేదో ముందు చూద్దాం."

కొట్టంలోకి పోయి బ్యాటరీలు చూశాను. తీగలు బిగించే మొనల చుట్టూ సున్నం పట్టినట్టు తెల్లగా, పచ్చగా పొక్కులు కట్టి ఉన్నాయి. అవి కరెంటుకు అడ్డం పడతాయి. తీగలు విప్పి, వేడినీళ్ళలో సోడా కలిపి, కొబ్బరి పీచుతో తోమి, తుడిచి, మళ్ళీ బిగించాను. తేజాబు బలం కొలిచే గాజు బుడ్డి బంగళా సామానుతోనే వచ్చింది. దానితో చూస్తే బ్యాటరీలు నిండుగానే ఉన్నాయి. పెట్టె కొంచెం తెప్పరిల్లింది కానీ మధ్యాహ్నం దాటగానే మళ్ళీ అదే మూలుగు.

అప్పుడు మీటరు తీశాను. బ్యాటరీల దగ్గర ముప్పై రెండు పైనే. పెట్టె దగ్గరికి పోయి చూశాను. అక్కడా అంతే. బావ నవ్వాడు. "సూస్తివా? తిండి అందుతనే ఉన్నది."

చాలామంది ఇక్కడే మోసపోయి మోటారు విప్పుతారు. మోటారు ఆగి ఉన్నప్పుడు తీగలో కరెంటు పారదు. పారనప్పుడు తీగ ఏమీ తినదు. అందుకని రెండు చివర్లా ఒకే అంకె చూపుతుంది. మోటారు తిరగబోయేదాకా మీటరు పట్టుకొని అక్కడే కూర్చున్నాను. మూలుగు మొదలైంది. ముల్లు ముప్పై రెండు దగ్గర నుంచి ఇరవై రెండుకు పడింది. జీతగాణ్ణి పెట్టె దగ్గర ఉంచి, మూలిగినప్పుడు కేకెయ్యమని చెప్పి, కొట్టంలో బ్యాటరీల దగ్గర చూశాను. అక్కడ ముల్లు కదిలీ కదలనట్టుంది. పోయిన పది వోల్టులూ దారిలోనే పోయాయి. తీగ వెంట దక్షిణం గోడ, పడమటి గోడ దగ్గర కూడా అక్కడక్కడ చూశాను. ఎక్కడా తెగడం గానీ, వదులు కావడం గానీ లేదు. గోడ గోడకూ కొంత చొప్పున, తీగ తన పొడవంతా తింటోంది.

బావకు చెప్పాను. వోల్టులు తక్కువైన చోట అదే పని జరగాలంటే కరెంటు ఎక్కువ పారాలి, ఎక్కువ పారిన కొద్దీ సన్నతీగ ఎక్కువ తింటుంది, పట్నంలో అయితే ఇదే తీగ సరిపోయేది అని.

బావ బావి వైపు చెయ్యి చూపాడు. "అంటే మోట నీళ్ళ తీరా? బాయికాడ కాలువ నిండ పారుతది, ఆఖరి మడికి తడి గుడ పోదు."

"గదే. మడిని బాయికాడికి తెచ్చుకోవాలె, లేకుంటె కాలువ వెడల్పు చెయ్యాలె. పెట్టెను ఇంజను కొట్టంల పెడితె ఇయ్యాలనే నడుస్తది."

వసారాలో చేటలో కందులు చెరుగుతున్న అక్క అత్తగారు చెయ్యి ఆపింది.

"నిప్పుల మూలకు సల్లటి పెట్టెనా? పంతులూ, పొయ్యిల ఎవలన్న నీళ్ళు పోసుకుంటరా?"

"పొయ్యిల పొయ్యరు అత్తమ్మా. పొయ్యి మీద కుండల పోస్తరు. రోజు నువ్వు చేసేదదే గద."

బావ నవ్వబోయి తల్లి ముఖం చూసి దగ్గాడు.

"నీకు నోరున్నది. నోరుంటె ఊరున్నదంటరు. పోనీ తీగను గీ తూర్పు గోడకు వేస్తవా? లక్ష్మి వచ్చే దారి మీంగనా?"

"లక్ష్మికి కరెంటు షాక్ కొడ్తదా?"

"సూడు బిడ్డా," అంది ఆమె, నాతో కాదు, కొడుకుతో. "పాత ఇంట్ల నేను ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న. ఈశాన్యంల పేడకుప్ప ఉండె గా ఇంట్ల. దిక్కు సూపిచ్చి గీ ఇల్లు కట్టినంకనే నువ్వు బతికినవ్. ఇప్పుడు నన్ను మళ్ళ అటే పొమ్మంటున్నడు ఈ పంతులు."

"ఏం జబ్బుతోని పోయిండ్రు అత్తమ్మా?"

"వాంతులు, బేదులు."

"బాయి ఎక్కడుండె?"

"పేడకుప్ప పక్కకే."

"మరి దిక్కు చంపిందా, ఆ నీళ్ళు చంపినయా?"

ఆమె చేట అక్కడే వదిలి లోపలికి పోయింది. బావ నా మీద ఉరిమాడు. ఆ ప్రశ్న అడిగినందుకు నేనిప్పటికీ విచారించను. పేడనీళ్ళ చేత పిల్లలను చంపించి, నేరం మూలల మీద వేసి, ఇంకో పిల్ల మందును ఆ మూలకే అప్పగించే ఆచారాన్ని పల్లెత్తు మాట అనకుండా వదలడం మర్యాద అని నాకెవరూ నేర్పలేదు. కానీ ఆ మధ్యాహ్నం పెట్టె చల్లబడింది నా ప్రశ్న వల్ల కాదు. అక్క గడప దగ్గరికి వచ్చి, "దిక్కుల పంచాయితి తర్వాత పెట్టుకోండ్రి. లోపల మందు కాగుతున్నది," అంది.

బావ మధ్యే మార్గం పట్టాడు. హైదరాబాదు నుంచి లావు తీగ తెప్పించేదాకా పెట్టె కొట్టంలో ఉంటుంది. తీగ రాగానే ఈశాన్యానికి తిరిగి పోతుంది. నలుగురు మనుషులు తాళ్ళు వేసి, షాబాదు బండల మీద గోనెసంచులు పరిచి, పెట్టెను జరిపి కొట్టంలో దించారు. బ్యాటరీల నుంచి రెండు మూరల తీగ వేశాను. మోటారు ఒక్క గుక్కలో అందుకుంది. ఎండ ఇంకా దిగకముందే తలుపు తెరిస్తే చెయ్యి జిల్లుమంది.

నాకు ఆ రోజు ఎంత సంబరమో చెప్పలేను. ఆ సంబరం మరునాటి గాజు గొట్టం దాకానే. అక్క సూది వేసింది, కాచింది, అదే ఇటుక రంగు. ఆ మరునాడూ అదే. పిల్ల లేచి నాలుగడుగులు వేస్తే ఆయాసం. నోటి నుంచి మాగిన పండు వాసన వస్తోంది. ఆ వాసన వచ్చిందంటే జాగ్రత్త అని డాక్టరు చెప్పిన మాట అక్కకు గుర్తుంది, నాకూ గుర్తుంది. ఇద్దరం పైకి అనలేదు.

అత్తగారు అనేసింది. "నిప్పుల మూలకు పెడితిరి. పోరి ఒళ్ళు నిప్పయింది."

నేను పెట్టెలోంచి మందు సీసా తీసి వెలుతురుకు పట్టాను. నీళ్ళలా తేటగా ఉండాల్సిన మందు. అందులో బియ్యం కడిగిన నీళ్ళ తేట మీద ఉండేలాంటి మసక ఉంది. తక్కిన సీసాలూ అంతే. ఎండ రోజులన్నీ ఆ వేడి గదిలో, మూలిగి ఆగిపోయిన పెట్టెలో ఉన్న సీసాలు. పెట్టె బాగైంది కానీ మందు బాగవలేదు.

"ఇది చచ్చిన మందు. పారెయ్యాలె," అన్నాను.

"ఎందుకు పారేస్తవ్?" అన్నాడు బావ. "ఇప్పుడు సల్లబడ్డది గద."

ఈసారి కొడుకూ తల్లీ ఒక్కటయ్యారు. "నెయ్యి ఎండకు కరుగుతది," అంది అత్తగారు. "సలికి పేరుతది. కరిగి పేరితె నెయ్యి నెయ్యి కాకుండ పోతదా?"

మంచి వాదన. వాద సభలో విని ఉంటే చప్పట్లు కొట్టేవాణ్ణి. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన వస్తువుతో చెప్పింది, నిజంలాగే ఉంది, పిల్ల ప్రాణం తీసేంత తప్పు.

"కోడిగుడ్డు ఉడకబెట్టి బాయిల సల్లార్చు అత్తమ్మా. మళ్ళ పచ్చిగుడ్డు అయితదా? పొదిగేస్తె పిల్ల లేస్తదా? ఈ మందు నెయ్యి జాతి కాదు, గుడ్డు జాతి."

బావ సీసాను తీసుకొని తానూ వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత నా చేతికిచ్చి, "పోరి బండి కుదుపులకు తట్టుకోదు. నువ్వే పోయి కొత్తది పట్టుకొని రా," అన్నాడు. నేను బండి ఎక్కుతుండగా వెనక నుంచి కేకేశాడు. "లావు తీగ గుడ తీస్కరా. మర్సిపోకు."

హైదరాబాదులో మందు దొరకడానికి మూడు దుకాణాలు తిరగాల్సి వచ్చింది. సీసాలను ఐసు ముక్కలు వేసిన థర్మాస్ ఫ్లాస్కులో పెట్టుకున్నాను. లావు రాగి తీగ చుట్ట భుజానికి వేసుకున్నాను. రైల్లో ఆ రెంటినీ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే చిత్రంగా ఉంది. ఒకటి పిల్లను నిలబెట్టేది. రెండోది ఆ మందును మళ్ళీ ఆ మూల గదికే పంపేది. తీగ రైల్లో మరిచిపోయానని చెప్పవచ్చు. కానీ అబద్ధం ఆధారంగా గెలిచే వాదం నాది కాదు. వికారాబాదు స్టేషను దాటింది, నా ఊరే, దిగలేదు. తాండూరు దాకా ఫ్లాస్కు మూత తెరవకుండా కూర్చున్నాను.

కొత్త మందు వేసిన మొదటి రోజు ఏమీ తేలలేదు. పిల్ల మగతగా పడి ఉంది, అక్క చెంచాతో ఉప్పు నీళ్ళు పోస్తూ కూర్చుంది. మరునాడు దాహం తగ్గింది. ఆ తర్వాత గొట్టంలో రంగు ఇటుక నుంచి పసుపుకు, పసుపు నుంచి ఆకుపచ్చకు వచ్చింది. పిల్ల రొట్టె అడిగింది. అడిగినంత పెట్టకూడదని అక్క తుంచి పెడుతుంటే, "గింతేనా? పిట్టకేస్తున్నవా?" అని తల్లి మీద కోపానికి వచ్చింది. అత్తగారు పక్కకు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పిల్ల లేచి తిరుగుతున్న రోజు బావ మనుషులను పిలిపించి లావు తీగను మూడు గోడల వెంటా బిగించాడు. నేనే దగ్గరుండి అతుకులు వేయించాను. ఈశాన్యంలోని కొసకు మిగిలిన తీగను కలిపి, ఇంటి లోపల నుంచి కొంచెంసేపు కొట్టంలోని పెట్టె దాకా లాగి, అక్కడ మీటరు పెట్టి చూశాను. మోటారు ఎత్తుకున్నప్పుడు ముల్లు మహా అయితే రెండు మూడు వోల్టులు దిగింది. పెట్టె నడిచింది.

"ఏమంటది నీ మీటరు?" అడిగాడు బావ.

"నడుస్తదంటది."

"ఈశాన్యంల?"

"తీగ లావయింది కాబట్టి ఎక్కడన్న నడుస్తది. ఈశాన్యంల గుడ."

ఆ మాట నా నోటితో వినడం అత్తగారికి ఎంత తృప్తిగా ఉందో ఆమె ముఖంలో కనిపించింది. దిక్కుకు మహిమ ఉందని నేను అనలేదు. రాగికి ఉందన్నాను. ఆమె విన్నది వేరు. బావ మనుషులకు చెయ్యి ఊపాడు. వాళ్ళు తాళ్ళు పట్టుకొని కొట్టంలోకి వచ్చారు.

అక్క పెట్టె తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"జరుగు," అన్నాడు బావ.

"పెట్టె గీడనే ఉంటది."

"నీ తమ్ముడే చెప్తున్నడు గద నడుస్తదని."

"ఇయ్యాల నడుస్తది. ఆని చేతుల మీటరున్నది కాబట్టి తెలిసింది. రేపు ఆడు వికారాబాదు పోతడు, మీటరు ఆనితోని పోతది. గా మూడు గోడల మీద ఎన్ని అతుకులేసిండ్రో నేను లెక్కవెట్టుకున్న. వానకు ఒక్కటి చిలుము పడ్తె నాకెవలు చెప్తరు? మళ్ళ పోరి పండుకుంటెనే తెలుస్తది నాకు."

నేను మీటరు పట్టుకొని అక్కడే నిలబడ్డాను. ఇంత సూటి వాదన నేనే చేయాల్సింది, నాకు తోచలేదు. అక్కకు వంత పాడాలని నోరు తెరవబోతే, ఆమె నా వంక చూడకుండానే, "నువ్వు మాట్లాడకు తమ్మీ. నువ్వు మాట్లాడితె అది మళ్ళ మీ ఇద్దరి పంచాయితి అయితది," అంది.

అత్తగారు గడప దగ్గర నిలబడి ఉంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమె ఎదుట అక్క గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

"ఇంట్ల నా మాటకు ఇలువ లేదన్నట్టేనా?"

"ఉన్నది అత్తమ్మా. నువ్వు ఇద్దరిని పోగొట్టుకున్నవు. నాకు ఇంకా పోలేదు. పోకముందే నిలబడ్డ."

మనుషులు తాళ్ళు చేతుల్లో పట్టుకొని బావ వంక చూశారు. బావ తల్లిని చూశాడు, పెట్టెను చూశాడు, చివరికి వాళ్ళ మీద విసుక్కున్నాడు. "ఏం సూస్తుండ్రు? పోయి చేన్ల పని సూడుండ్రి."

అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. పొద్దు వంగుతుంటే నాకు తాండూరుకు బండి కట్టారు. సెలవు చెబుదామని లోపలికి పోతే, అక్క సూది మరిగించడానికి పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అవి కాగేదాకా కదలకుండా కూర్చుంది. అత్తగారి గది తలుపు వేసే ఉంది.